కనబడని దుబాసీ

శ్రోతల జాబులకు సమాధానములు చెప్పు కార్యక్రమమునకు ఈ నడుమ ఒక పాలిటెక్నిక్ విద్యార్థి వ్రాసిన జాబు మాకు అందినది. చదువు కొరకని తండ్రి అప్పుచేసి ఆ పిల్లవానికి ల్యాప్‌టాప్ కొనిపెట్టెను. రెండేండ్లు అది చక్కగా పనిచేసినది. తరగతిలో నేర్చిన యంత్రభాగముల చిత్రలేఖనము దానిమీదనే సాగెను. పాఠములు ముగిసిన పిమ్మట స్నేహితులతో ఆడుకొను ఆటయు దానిమీదనే సాగెను. ఒకనాడు యంత్రము మొరాయింపగా దుకాణమునకు తీసికొనిపోయినాడు. వారు విండోస్‌ను మరల ఎక్కించి యిచ్చిరి. నాటినుండి ఆటలో బొమ్మలు ఆగి ఆగి కదలుచున్నవి. చిత్రలేఖనములో గీత గీచినచో అది ఒక క్షణము ఆలస్యముగా కనబడుచున్నది. దుకాణదారుని అడుగగా, “యంత్రము పాతబడినది, దీనిని ఇచ్చివేసి క్రొత్తది కొనుము” అని సలహా చెప్పినాడట. “ఇంకను అప్పు తీరలేదు. నాన్నగారితో ఈ మాట ఎట్లు చెప్పుదును?” అని ఆ జాబు ముగిసినది.

ఈ ప్రశ్నకు రెండు ముక్కలలో బదులు చెప్పవచ్చును. కాని ఆ రెండు ముక్కల వెనుక నలువది యేండ్ల చరిత్ర ఉన్నది. దానిని తెలిసికొన్నవాడు ఎవరో చెప్పినారని బాగున్న యంత్రమును అమ్ముకొనడు. కావున ఈ ప్రసంగమున ఆ చరిత్రనే ముచ్చటింప దలచితిమి.

ముందుగా ఫ్రేమ్ రేటు అనగా నేమో చూతము. తెరమీది కదలిక నిజమైన కదలిక కాదు. నిశ్చలమైన బొమ్మలను ఒకదాని వెనుక ఒకటి వేగముగా చూపినచో, కన్ను వాటిని కలుపుకొని కదలికగా గ్రహించును. మాటల చలనచిత్రములు వచ్చినప్పటినుండి సినిమాకు సెకండునకు 24 బొమ్మలు ప్రమాణమైనవి. అయితే సినిమాలో బొమ్మలన్నియు ముందే సిద్ధమై చుట్టలో ఉండును. ఆటలో అట్లు కాదు. ఆడువాడు ఎటు తిరుగునో ముందుగా ఎవరికిని తెలియదు. కావున ప్రతి బొమ్మను అప్పటికప్పుడు లెక్కకట్టి గీయవలెను. సెకండునకు 60 బొమ్మలు కావలెనన్నచో ఒక్కొక్కదానికి 16.7 మిల్లీసెకండ్లకు మించి వ్యవధి లేదు. 30 బొమ్మలైనచో 33.3 మిల్లీసెకండ్లు. ఈ గడువు తప్పినచో బొమ్మ తడబడును. ఆడువాని చేతికి, తెరకు పొత్తు చెడును.

ఈ గీయుపనిని చేయునది గ్రాఫిక్స్ చిప్పు. ఏమి గీయవలెనో చెప్పునది ఆట. ఈ రెంటి భాషలు వేరు. నడుమ నిలిచి ఒకరి మాట ఒకరికి చెప్పు చిన్న ప్రోగ్రామునకే డ్రైవరు అని పేరు. పేరునుబట్టి అది బండి తోలువాడని తోచును గాని, చేయుపనినిబట్టి చూచినచో అది దుబాసీ. కుంఫిణీవారి కాలమున చెన్నపట్టణపు వర్తకులకును, ఇచ్చటి నేతవారికిని నడుమ దుబాసీలు ఉండిరి గదా! సరకు మంచిదే, కొనువాడును సిద్ధమే. దుబాసీకి మాట తెలియకున్న బేరము చెడును. కంప్యూటరు విషయమునను సరిగా ఇదే జరుగును.

మొదట ఈ దుబాసీ లేడు. 1981లో ఐబీఎం వ్యక్తిగత కంప్యూటరు వెలువడెను. అందులోని డాస్ నిర్వహణ వ్యవస్థ ఆటల జోలికి పెద్దగా పోదు. ఆట వ్రాయువాడే తెరకు సంబంధించిన జ్ఞాపకస్థానములను నేరుగా ముట్టి రంగులు దిద్దెడివాడు. 1987లో వచ్చిన వీజీఏ ప్రమాణమున, అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలు గల తెరమీద 256 రంగులు లభించెను. ఆనాటి గొప్ప ఆటలనేకము ఆ చిన్న తెరమీదనే వెలసినవి. 1993 డిసెంబరులో విడుదలైన ‘డూమ్’ అను ఆట సెకండునకు 35 బొమ్మలకు మించకుండ నడచెడిది; ఆనాటి సామాన్య యంత్రములు అంత వేగమును సయితము అందుకొనలేకపోయెను. దుబాసీ లేని ఈ పద్ధతిలో వేగము కలదు గాని, ఒక చిక్కును కలదు. బజారులో ఎన్ని రకముల కార్డులున్నవో అన్నింటి భాషయు ఆట వ్రాయువాడే నేర్వవలసివచ్చెను. ఆట పెట్టెమీద ఏయే కార్డులకు పనికివచ్చునో జాబితా అచ్చువేయుట ఆనాటి ఆచారము.

విండోస్ వచ్చిన పిదప ఈ స్వేచ్ఛ పోయినది. తెరను ముట్టవలెనన్నచో విండోస్‌ద్వారా, దాని డ్రైవరుద్వారా పోవలెను. ఆ దారి ఆటలకు మిక్కిలి నెమ్మది. దానిని చక్కదిద్దుటకై మైక్రోసాఫ్ట్‌వారు ‘విన్-జీ’ అను సాధనమును కల్పించిరి. 1994 క్రిస్మసు పండుగకు డిస్నీవారు దీని ఆధారముగా ‘లయన్ కింగ్’ కథాపుస్తకమును పిల్లలకొరకు విడుదల చేసిరి. అమెరికాలో అనేక కుటుంబములు ఆ పండుగకే క్రొత్త కాంపాక్ ప్రెసారియో కంప్యూటర్లను కొనియుండిరి. వాటిలోని తెర డ్రైవరుకును, విన్-జీకిని ముందుగా పొత్తు పరీక్షింపబడలేదు. పండుగనాటి ఉదయము పిల్లలు ఆశతో డిస్కు పెట్టగా యంత్రములు స్తంభించిపోయెను. తల్లిదండ్రుల ఫోనులతో సహాయకేంద్రములు కిటకిటలాడినవి. కథ బాగున్నది, యంత్రము క్రొత్తది. నడుమనున్న దుబాసీ ఒక్కడే తప్పినాడు. డ్రైవరు అను మాట నిపుణుల గది దాటి సామాన్యుల యింటి ముంగిట నిలిచిన సందర్భములలో ఇది ఒకటి.

ఈ పరాభవము వృథా పోలేదు. మైక్రోసాఫ్ట్‌లో అలెక్స్ సెయింట్ జాన్, క్రెయిగ్ ఐస్లర్, ఎరిక్ ఎంగ్‌స్ట్రామ్ అను ముగ్గురు పూనుకొని, ఆటకును డ్రైవరుకును నడుమ ఒక నిర్ణీతమైన భాషను ఏర్పరచిరి. అదియే డైరెక్ట్ ఎక్స్. దాని మొదటి రూపము 1995 సెప్టెంబరులో వెలువడెను. అంతకుముందే, 1992లో, సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థవారు ఓపెన్ జీఎల్ అను మరియొక భాషను వెలువరించియుండిరి. ఇకపై ఆట వ్రాయువాడు ఒక్క భాష నేర్చిన చాలును. ఆ భాషను తన చిప్పునకు అర్థమగునట్లు చెప్పు భారము చిప్పు తయారుచేయువానిది. అనగా, యంత్రము గొప్పదనము చిప్పులోనే కాదు, దాని డ్రైవరులోను నిలిచినది.

1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థవారి వూడూ కార్డు వచ్చెను. త్రిమితీయమైన బొమ్మలను గీయుటయే దాని పని. మామూలు తెరకు మరియొక కార్డు ఉండవలసినదే. 1997 జనవరిలో ‘క్వేక్’ ఆటకు ఓపెన్ జీఎల్ రూపమును విడుదల చేసినప్పుడు, వూడూ కొరకు ఆ ఆటకు చాలినంత భాష మాత్రమే తెలిసిన ఒక చిన్న డ్రైవరును సిద్ధపరచిరి. దానితోనే ఆ ఆట రూపము మారిపోయినది. కాని ఆ సంస్థ చిరకాలము నిలువలేదు. 2000 డిసెంబరులో తన ఆస్తులను ఎన్విడియాకు అమ్ముటకు ఒప్పుకొనెను. కార్డులు జనుల యిండ్లలో బ్రతికియే యుండెను గాని వాటికి క్రొత్త డ్రైవర్లు వ్రాయు నాథుడు లేడు. అప్పుడు ఔత్సాహికులే పూనుకొని ఆ పాత కార్డులకు ఏండ్లతరబడి డ్రైవర్లు సమకూర్చుకొనిరి. యంత్రము చెడుట ఒకటి, దానిని పలుకరించువాడు లేకపోవుట మరియొకటి అని వారు కనుగొనిరి.

దుబాసీ సమర్థుడైన కొలది అతని నిజాయితీని గూర్చియు అడుగవలసివచ్చును. 2001లో ఏటీఐ సంస్థవారి రేడియాన్ 8500 కార్డు వచ్చినప్పుడు విమర్శకులు ఒక చమత్కారమైన పరీక్ష చేసిరి. ‘క్వేక్ 3’ ఆట ఫైలులో ‘క్వేక్’ అను పేరును ‘క్వాక్’ అని మార్చి నడిపించిరి. ఆట అదే, యంత్రము అదే. కాని పేరు మారగానే వేగము తగ్గెను, బొమ్మల స్పష్టత పెరిగెను! డ్రైవరు ఆ ఆట పేరును గుర్తించి, స్పష్టత కొంత తగ్గించి వేగము పెంచుచుండెనని బయటపడినది. ఇది మెరుగుపరచుటయే గాని మోసము కాదని ఆ సంస్థవారు వాదించిరి. తరువాతి డ్రైవరులో బొమ్మలను సరిచేసి, వేగమును చాలవరకు నిలుపుకొనిరి. ఏది ఏమైనను, లెక్కలో ఫ్రేములు పెరిగినంతమాత్రమున కంటికి మేలు కలిగినట్లు కాదని నాడే తెలిసినది.

డ్రైవరు తప్పినచో ఆట ఒక్కటియే చెడదు. 1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0లో, వేగము కొరకు, గ్రాఫిక్స్ డ్రైవర్లను వ్యవస్థ మూలస్థానమగు కెర్నెలులోనికి చేర్చిరి. గర్భగుడిలోనికి ప్రవేశము దొరికినవాడు తూలిపడినచో గుడి అంతయు కదలును. యంత్రము మొత్తము నీలితెర చూపి కూలుట అందరు ఎరిగినదే. 2007 జనవరిలో ప్రజలకు అందిన విండోస్ విస్టా ఈ ఏర్పాటును మార్చెను. డ్రైవరులో పెద్దభాగము బయటికి వచ్చినది. చిప్పు స్తంభించినచో దానిని మరల లేపు ఉపాయము చేర్చబడినది. అయితే ఇందుకై డ్రైవర్లన్నియు క్రొత్తగా వ్రాయవలసివచ్చెను. ఆ తొందరలో అవి పచ్చిగానే వెలువడెను. 2007 నాటి మైక్రోసాఫ్ట్ లెక్కలలో విస్టా పతనములు నూటికి సుమారు 29 ఎన్విడియా డ్రైవర్లకు సంబంధించినవని, పిమ్మట ఒక వ్యాజ్యములో బయటపడిన పత్రములు తెలిపినవి. నాడు విస్టాను తిట్టినవారిలో పలువురు నిజమునకు తిట్టవలసినది డ్రైవరును.

ఇక ల్యాప్‌టాప్‌ల కథ. బల్లమీది కంప్యూటరు గలవాడు చిప్పు చేసిన సంస్థనుండి క్రొత్త డ్రైవరును నేరుగా తెచ్చుకొనెడివాడు. ల్యాప్‌టాప్ గలవానికి బహుకాలము ఆ భాగ్యము లేదు. వేడి, విద్యుత్తు, తెర అమరిక ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధముగా నుండుటచే, డ్రైవరు ఇచ్చు బాధ్యత ల్యాప్‌టాప్ తయారుచేసినవారిదే అని నియమము. అమ్మకము ముగిసిన నమూనాపై వారికి శ్రద్ధ తగ్గుట సహజము. కొన్ననాటి డ్రైవరే చివరివరకు గతి. క్రొత్త ఆట వచ్చును. డ్రైవరుకు దాని మాట తెలియదు. యంత్రము పనికిరాదని యజమాని నిట్టూర్చును. ఓపిక గలవారు డ్రైవరుతోపాటు వచ్చు నమూనాల జాబితా ఫైలును తామే దిద్ది, తమ యంత్రము పేరును అందులో చేర్చి ఎక్కించుకొనెడివారు. 2008 డిసెంబరులో ఎన్విడియా సంస్థ ల్యాప్‌టాప్ చిప్పులకు తానే డ్రైవర్లు ఇచ్చుట ప్రారంభించెను. ఆ నాటినుండి సామాన్యునికి దారి తెరచుకొన్నది.

అంతలో మరియొక చిక్కు పుట్టినది. ల్యాప్‌టాప్‌లో రెండు చిప్పులు పెట్టసాగిరి: ప్రాసెసరుతోపాటు ఉండు చిన్నది ఒకటి, ఆటలకొరకు పెద్దది ఒకటి. చిన్నది తక్కువ విద్యుత్తుతో ఉత్తరములు వ్రాయుట వంటి పనులు చేయును. పెద్దది బరువు మోయును. 2010 ఫిబ్రవరిలో ఎన్విడియావారు ఆప్టిమస్ అను ఏర్పాటును ప్రకటించిరి. ఏ పనికి ఏ చిప్పును లేపవలెనో డ్రైవరే నిర్ణయించును. బ్యాటరీకి ఇది గొప్ప మేలు. కాని ఆ నిర్ణయము తప్పినప్పుడు, లేదా పెద్దచిప్పుకు డ్రైవరే లేనప్పుడు, ఆట బరువంతయు చిన్నచిప్పు మీద పడును. ఇంటిలో ఏనుగు వంటి ఎద్దును కట్టివేసి, లేగదూడకు కాడి తగిలించినట్లుండును.

ఫ్రేము లెక్కయు ఈ కాలముననే పరిశీలనకు వచ్చినది. 2011 సెప్టెంబరులో ‘టెక్ రిపోర్ట్’ పత్రికలో స్కాట్ వాసన్ అను విమర్శకుడు, సెకండునకు ఎన్ని బొమ్మలని సగటు చెప్పుట చాలదు, ఒక్కొక్క బొమ్మకు ఎంత వ్యవధి పట్టెనో చూడవలెనని నిరూపించెను. ఆయన భావమును ఇట్లు లెక్కవేసి చూడవచ్చును: 59 బొమ్మలు పదేసి మిల్లీసెకండ్లలో వచ్చి, అరువదవది 410 మిల్లీసెకండ్లు తీసికొన్నచో, సగటు 60 అనియే తేలును. కాని ఆడువానికి ఆట దాదాపు అరసెకండు ఆగిపోయినట్లే కదా! ఈ పరిశీలనల ఫలితముగా 2013 ఆగస్టులో ఏఎండీ సంస్థ, రెండు చిప్పులు కలిసి గీయునప్పుడు బొమ్మలు సమవ్యవధితో వచ్చునట్లు సరిదిద్దిన డ్రైవరును విడుదల చేసెను. చిప్పులు మారలేదు, దుబాసీ తీరు మారినది.

క్రొత్త డ్రైవరు ఎల్లప్పుడు మేలే చేయునని చెప్పరాదు. 2010 మార్చిలో వెలువడిన ఎన్విడియా 196.75 డ్రైవరు, కొన్ని కార్డులలో చల్లార్చు ఫంకాను సరిగా తిరుగనీయలేదు. కార్డులు మితిమీరి వేడెక్కుచున్నవని తెలిసి, సంస్థవారే దానిని ఉపసంహరించుకొనిరి. మేలుకు ఉదాహరణము 2022 నాటిది. ఆ ఏటి అక్టోబరులో ఇంటెల్‌వారి ఆర్క్ ఏ770, ఏ750 కార్డులు వచ్చినప్పుడు, క్రొత్త ఆటలు ఫరవాలేదు గాని డైరెక్ట్ ఎక్స్ 9 నాటి పాత ఆటలు కుంటుచు నడచినవి. డిసెంబరునాటి డ్రైవరుతో వాటిలో అనేకము చెప్పుకొనదగినంత వేగము పుంజుకొనినవి. అక్టోబరులో కొన్న కార్డే డిసెంబరులో మరియొక కార్డువలె పనిచేసినది.

ఇప్పుడు మా విద్యార్థి జాబునకు వత్తము. విండోస్‌ను మరల ఎక్కించినప్పుడు పాత దుబాసీ వెడలిపోవును. అతని స్థానమున విండోస్ తనకు తెలిసిన డ్రైవరునొకదానిని ఉంచును. ఏదియు దొరకనిచో ‘బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అను పేరుతో, తెర వెలుగుటకు మాత్రము చాలునది ఒకటి నిలుచును. ఈ విషయము తెలిసిన ఒక ఇంజనీరు మిత్రుని సంప్రదించి, ఆ పిల్లవానికి మేము ఇట్లు వ్రాసితిమి.

మొదట, ఏమియు మార్చకముందు, ఆటలో ఒక చోటు ఎన్నుకొని అచ్చట ఫ్రేముల లెక్క వ్రాసికొనుము. విద్యుత్తు తీగ తగిలించియుండుము. బ్యాటరీమీద నడుచునప్పుడు చిప్పు తన వేగమును తానే తగ్గించుకొనును. పిమ్మట డివైస్ మేనేజరులో తెర చిప్పుల పేర్లు, డ్రైవరు తేదీలు చూడుము. రెండు చిప్పులుండవలసినచోట ఒకటే కనబడినను, బేసిక్ అను పేరు కనబడినను రోగము తెలిసినట్లే. ల్యాప్‌టాప్ తయారీదారుల పుటనుండిగాని, చిప్పు సంస్థ పుటనుండిగాని నీ నమూనాకు తగిన డ్రైవరు తెచ్చుకొనుము. దారిని పోవు మరియే చోటునుండియు తేవలదు. చిన్నచిప్పుకు, పెద్దచిప్పుకు రెంటికిని ఎక్కింపుము. ముందుగా రీస్టోర్ పాయింటు ఒకటి ఏర్పరచుకొనుట మరువకుము. యంత్రమును మరల ప్రారంభించి, విండోస్ తెర అమరికలలో గ్రాఫిక్స్ అనుచోట ఆ ఆటకు, ఆ చిత్రలేఖన ప్రోగ్రామునకు పెద్దచిప్పును నియమింపుము. డ్రైవరు మారినప్పుడు, ఆట తాను ముందుగా సిద్ధపరచుకొన్న షేడర్లను మరల కూర్చుకొనవలసియుండును. కావున మొదటి కొన్ని నిమిషముల తడబాటును చూచి బెదరవలదు. తరువాత అదే చోట మరల లెక్క చూడుము. వెనుకటికంటె చెడినచో రోల్ బ్యాక్ అను మీట పాత డ్రైవరును తెచ్చి యిచ్చును. ఇంత చేసినను లాభము లేనిచో, అప్పుడు ఫంకాలోని దుమ్మును, వేడిని అనుమానింపుము. అమ్మకమును గూర్చి ఆలోచించుట అన్నిటికంటె చివరిపని.

మూడు వారములకు అతని రెండవ జాబు వచ్చినది. పెద్దచిప్పుకు డ్రైవరే లేకుండెనట. మునుపు 17 వచ్చిన చోట ఇప్పుడు 52 వచ్చుచున్నవట. చిత్రలేఖనమున గీత చేతివెంట నడచుచున్నదట. ఖర్చు ఏమియు కాలేదు. ఒక సాయంకాలము పట్టినది. “నాన్నగారికి ఈ సంగతి ఏమియు చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకపోయినది” అని వ్రాసినాడు.

ఆ దుకాణదారుడు కావలెనని అబద్ధమాడెనని మేము అనము. కనబడు వస్తువును నిందించుట సులభము. కనబడనిదానిని వెదకుటకు కొంత ఓపిక కావలెను. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలకు నేడు హైదరాబాదులోను కార్యాలయములు కలవు. వాటిలో పనిచేయు మన పిల్లలు అనేకులు. అయినను మన యిండ్లలో మాత్రము, పనిచేయని యంత్రము పాతయంత్రమే అను నమ్మకము ఇంకను పోలేదు. 1994 క్రిస్మసునాడు అమెరికాలో తల్లిదండ్రులు పడిన చిక్కును, మొన్న మన పాలిటెక్నిక్ విద్యార్థి పడిన చిక్కును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, నడుమ ఎన్ని యేండ్లు గడచినను మూలము ఒక్కటియే. బేరము చెడినప్పుడు సరకును పారవేయుటకు ముందు దుబాసీని పిలిచి మాటాడవలెను.